ఓటీపీ మెసేజ్‌ను చివరిదాకా చదవండి

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్యాంకు కార్డులు, యూపీఐ మోసాల గురించే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి, హైదరాబాద్ పాఠకులకు తరచూ ఎదురవుతున్నవాటికి జవాబులిస్తున్నాం. డబ్బు ఇప్పుడే పోయినవాళ్లు మాత్రం దీన్ని చదువుతూ కూర్చోవద్దు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

మా అమ్మ రిటైర్డ్ టీచర్. క్రెడిట్ కార్డు రివార్డ్ పాయింట్లు ఈ రాత్రితో పోతాయని ఒకతను ఫోన్ చేశాడు. కార్డు మొదటి ఆరు అంకెలు అతనే చెప్పేసరికి బ్యాంకువాళ్లే అనుకుని, మిగతా వివరాలూ ఓటీపీ కూడా చెప్పేసింది. 48,600 రూపాయలు పోయాయి. పది రోజులైంది. బ్యాంకుకు వెళ్తే ‘ఓటీపీ మీరే ఇచ్చారు కదా’ అంటున్నారు. ఇక డబ్బు రాదా? బిల్లు కట్టాల్సిందేనా? – ఒక పాఠకుడు, మల్కాజిగిరి

ముందు ఆ ఆరు అంకెల సంగతి. అవి మీ అమ్మగారి అంకెలు కావు, బ్యాంకువి. ఆ బ్యాంకులో అదే రకం కార్డు తీసుకున్న అందరికీ మొదటి అంకెలు ఒకటే. ఏ బ్యాంకు కార్డో తెలిస్తే వాటిని ఎవరైనా చెప్పగలరు. పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ కూడా బయట దొరికే సమాచారమే. ఇవన్నీ గడగడా చెప్పాడంటే బ్యాంకు ఉద్యోగి అని కాదు, ఫోన్ చేసే ముందు అన్నీ సిద్ధం చేసుకున్నాడని అర్థం.

పది రోజులైనా సరే, ఇవాళే 1930కి ఫోన్ చేయండి, లేదంటే సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బ్యాంకులో ఇచ్చిన కాగితం వేరు, ఇది వేరు. బ్యాంకు ఫిర్యాదు బ్యాంకు లోపలే తిరుగుతుంది. 1930లో నమోదైంది మాత్రం డబ్బు చేరిన బ్యాంకుకు, అక్కడినుంచి వెళ్లిన వాలెట్‌కు, ఆ తర్వాతి ఖాతాకు వరసగా వెళ్తుంది. డబ్బు ఎక్కడ దొరికితే అక్కడ ఆపుతారు. మొదటి గంటలో చేస్తే దొరికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే దొంగలు ఒక ఖాతాలో పడినదాన్ని నిమిషాల్లో చిన్న మొత్తాలుగా విడగొట్టి నాలుగైదు ఖాతాలకు పంపేస్తారు. పది రోజుల తర్వాత ఆశ తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఫోన్ చేసే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి: బ్యాంకు పేరు, ఖాతా లేదా కార్డు నంబరు, లావాదేవీ జరిగిన తేదీ, సమయం, మొత్తం, ట్రాన్సాక్షన్ నంబరు. యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ ఉంటుంది. మోసగాడి ఫోన్ నంబరు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు కూడా ఉంచుకోండి. ఫోన్ పెట్టాక మీకు ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరుతో ఎస్సెమ్మెస్ వస్తుంది. దానితో 24 గంటల్లోపు వెబ్‌సైట్‌లో పూర్తి వివరాలు నింపాలి. చాలామంది ఫోన్ చేశాం కదా అని ఇక్కడే ఆగిపోతారు. అలా ఆగొద్దు. ఖాతాల్లో ఆగిన డబ్బును కోర్టు ఉత్తర్వుతో వెనక్కి తెచ్చుకోవచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా తిరిగి ఇప్పిస్తున్నారు. దానికి ఈ ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరే ఆధారం.

బ్యాంకు మాటలో కొంత నిజముంది. ఆర్బీఐ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం ఓటీపీ, పిన్‌లాంటివి ఖాతాదారే చెప్పేస్తే, బ్యాంకుకు తెలియజేసేవరకూ జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలియజేసిన క్షణం తర్వాత జరిగింది మాత్రం బ్యాంకుదే. అందుకే రెండు సమయాలు పోల్చి చూడండి: మీరు బ్లాక్ చేయమని చెప్పింది ఎప్పుడు, డబ్బు కట్ అయింది ఎప్పుడు. మొత్తం ఒకేసారి పోకుండా రెండు మూడు విడతల్లో పోయి ఉంటే, వాటిలో ఒకటి మీ ఫోన్ తర్వాత జరిగి ఉండొచ్చు. లావాదేవీ మెసేజ్ రాకపోతే అదీ లిఖితపూర్వకంగా రాయండి. ఖాతాదారుదే తప్పని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకు మీదే ఉంటుంది.

బిల్లు విషయంలో ఒక పొరపాటు జరుగుతుంటుంది. కోపంతో మొత్తం బిల్లు ఆపేస్తారు. మీ అమ్మగారు నిజంగా వాడుకున్న మొత్తం గడువులోపే కట్టేయండి. 48,600 వరకూ ‘మోసపు లావాదేవీ, వివాదంలో ఉంది’ అని రాతపూర్వకంగా ఇచ్చి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మోసమని వివాదంలో పెట్టిన లావాదేవీపై అది తేలేదాకా ఛార్జీలు వేయకూడదని 2022 నాటి ఆర్బీఐ క్రెడిట్ కార్డు ఆదేశాల్లో ఉంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. సీఎంఎస్.ఆర్బీఐ.ఆర్గ్.ఇన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, వివరాలకు 14448.

ఇక ఇంట్లో అందరికీ చెప్పాల్సింది ఒకటుంది. ఓటీపీ మెసేజ్‌లో ఆరు అంకెలే కాదు, వాటి పక్కన ఇంకో మూడు సంగతులుంటాయి: ఎంత మొత్తం, ఏ వ్యాపారికి, ఏ అంకెలతో ముగిసే కార్డు నుంచి. మీ అమ్మగారి ఫోన్‌లో ఆ మెసేజ్ ఇంకా ఉంటే తెరిచి చూడండి. అందులో రివార్డ్ పాయింట్ల ఊసే ఉండదు, 48,600 అని ఉంటుంది. ఫోన్‌లో ఒకడు తొందరపెడుతుంటే కళ్లు అంకెల దగ్గరే ఆగిపోతాయి, వాళ్లకు కావాల్సిందీ అదే. ముందు మొత్తం చూడాలి, తర్వాత పేరు, ఆఖర్న అంకెలు. ఈ అలవాటు ఒక్కటి చేయించండి. ఇంగ్లిష్ మెసేజ్ చదవడం కష్టమైతే ఎస్సెమ్మెస్‌లు తెలుగులో పంపే సదుపాయం ఉందేమో మీ బ్యాంకును అడగండి. ఆన్‌లైన్ లిమిట్‌ను నెలకు అవసరమైనంతకే, ఐదు వేలకో పది వేలకో తగ్గించండి.

మావారికి స్నేహితుడి వాట్సాప్ నుంచి ‘ఆర్టీవో చలాన్’ పేరుతో ఏపీకే ఫైల్ వచ్చింది. నిజంగానే మాకొక చలాన్ పెండింగ్ ఉండటంతో నొక్కారు. ఏదో ఇన్‌స్టాల్ అయింది గానీ తెర మీద ఏమీ కనిపించలేదు. ఫైల్ డిలీట్ చేశాం. డబ్బేమీ పోలేదు. ఇంకేమైనా చేయాలా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

చేయాలి, ఇవాళే చేయాలి. ఫైల్ డిలీట్ చేసినంత మాత్రాన ఇన్‌స్టాల్ అయిన యాప్ పోదు. ఇలాంటి యాప్‌లు తమ గుర్తును దాచేసుకుని లోపల పనిచేస్తుంటాయి. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఎస్సెమ్మెస్‌లు చదవడానికి, పంపడానికి అనుమతి అడుగుతాయి. ‘అలౌ’ నొక్కితే వచ్చే ప్రతి ఓటీపీ దొంగకూ చేరుతుంది. అంతకంటే ప్రమాదం ఇంకోటి. యూపీఐ యాప్ కొత్తగా పెట్టుకునేటప్పుడు మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్తుంది గుర్తుందా? ఆ మెసేజ్‌ను మీ ఫోన్ నుంచే పంపించి, మీ నంబరుతో వాళ్ల ఫోన్‌లో యూపీఐ తెరుచుకోగలరు. పిన్ పెట్టడానికి డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, ఎక్స్‌పైరీ కావాలి. దాని కోసమే ‘ఒక్క రూపాయి కట్టండి’ అని ఒక పేజీ చూపించి కార్డు వివరాలు అడుగుతారు. మీవారు అలాంటి పేజీలో కార్డు నంబరు కొట్టారేమో ముందు అడగండి. కొట్టి ఉంటే ఆ కార్డును వెంటనే బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవాల్సిందే.

వరస ఇది. ఆ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. సిమ్ తీసి ఇంట్లో ఉన్న మరో మంచి ఫోన్‌లో వేయండి, మామూలు బటన్ ఫోన్ అయితే ఇంకా మేలు. ఓటీపీలు ఇక అక్కడికే వస్తాయి. ఆ ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ‘ఫోన్‌లో మాల్‌వేర్ పడింది, నెట్ బ్యాంకింగ్, యూపీఐ తాత్కాలికంగా ఆపండి, మొబైల్ బ్యాంకింగ్ రిజిస్ట్రేషన్ తీసేయండి’ అని చెప్పండి. ##002# డయల్ చేస్తే ఎవరైనా పెట్టిన కాల్ ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది. వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మెయిల్ పాస్‌వర్డ్, బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి. పాత ఫోన్‌లోనే మార్చితే కొత్త పాస్‌వర్డ్ కూడా వాళ్లకు అందుతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

వచ్చిన వాట్సాప్ మెసేజ్, పంపిన నంబరు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఆ తర్వాత ఫొటోలు, కాంటాక్టులు మాత్రమే బ్యాకప్ చేసుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. యాప్‌లను బ్యాకప్ నుంచి తెచ్చుకోకుండా ప్లే స్టోర్ నుంచి ఒక్కొక్కటిగా మళ్లీ వేసుకోండి. డబ్బు పోయిన సందర్భంలో మాత్రం రీసెట్‌కు తొందరపడొద్దు, ఫోన్‌లో ఆధారాలుంటాయి. ఫిర్యాదు చేసి, దర్యాప్తు అధికారిని అడిగాకే చేయాలి.

స్నేహితుడికి కూడా ఫోన్ చేసి చెప్పండి, మెసేజ్ చేయొద్దు. ఆయన వాట్సాప్ ఆయన చేతిలో లేదు. ఇలాంటి యాప్ ఒక ఫోన్‌లో పడితే కాంటాక్టులందరికీ అదే ఫైల్ వెళ్తుంది. తెలిసినవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది కాబట్టే నమ్ముతాం. పెళ్లి శుభలేఖ, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ, కరెంటు బిల్లు, పేరు ఏదైనా సరే, చివర ‘ఏపీకే’ అని ఉంటే అది కాగితమూ కాదు, ఫొటో కూడా కాదు, ప్రోగ్రామ్. పోలీసుశాఖ చలాన్‌ను ఏపీకే ఫైల్‌గా పంపదు. తెలంగాణ పోలీసుల ఇ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని వెతికి, వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు, ఫైల్ మేనేజర్‌కు ఆ అనుమతి తీసేయండి. ఇంట్లో పిల్లల ఫోన్లలో, పెద్దవాళ్ల ఫోన్లలో కూడా.

పాత సోఫా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. ఆర్మీలో పనిచేస్తానని ఒకతను బేరం కూడా ఆడకుండా ఒప్పుకుని, డబ్బు వేయడానికి క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడు. చేయొచ్చా? – సైనిక్‌పురి

వద్దు. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అంతకన్నా లేదు. స్కాన్ చేసి పిన్ కొట్టారంటే పంపేది మీరే. మీ యూపీఐ ఐడీ ఇవ్వండి, పడితే పడుతుంది. మనుషుల మధ్య డబ్బు అడిగే ‘కలెక్ట్ రిక్వెస్ట్’ను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. అందుకే ఇప్పుడు క్యూఆర్ కోడ్‌ల మీద, ‘పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది వెనక్కి వేయండి’ అనే నకిలీ మెసేజ్‌ల మీద పడ్డారు. డబ్బు పడిందా లేదా అన్నది మెసేజ్‌లో కాదు, బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ తెరిచి చూడాలి.

అర్ధరాత్రి నా డెబిట్ కార్డు నుంచి ఏదో విదేశీ వెబ్‌సైట్‌కు రెండుసార్లు డబ్బు పోయింది. ముందు 90 రూపాయలు, తర్వాత 22 వేలు. ఓటీపీ రాలేదు, నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఓటీపీ లేకుండా ఎలా పోతుంది? – దిల్‌సుఖ్‌నగర్

ఆన్‌లైన్‌లో ఓటీపీలాంటి అదనపు ధ్రువీకరణ అడగాలన్నది మన దేశంలో ఆర్బీఐ పెట్టిన నియమం. విదేశీ వ్యాపారులు చాలామంది కార్డు నంబరు, ఎక్స్‌పైరీ, సీవీవీ (కార్డు మీదుండే రహస్య అంకెలు) ఉంటే చాలు డబ్బు లాగేస్తారు. ఆ వివరాలు ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ నుంచి బయటపడి ఉంటాయి, లేదా కార్డు రెండువైపులా ఫొటో తీసి ఎవరికైనా పంపి ఉంటారు. ముందు 90 రూపాయలు తీసింది కార్డు పనిచేస్తోందా అని పరీక్షించడానికే. తెలియని చిన్న మొత్తం కట్ అయితే ‘పోనీలే’ అనుకోకుండా ఆ నిమిషమే కార్డు ఆపేయాలి.

మీ పరిస్థితిలో నిబంధన మీవైపే ఉంది. మీ తప్పూ బ్యాంకు తప్పూ కాకుండా మరెక్కడో లీకై జరిగిన మోసాన్ని, బ్యాంకు మెసేజ్ అందిన మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే మీ నష్టం సున్నా. మెసేజ్ వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు, ఐదు లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు మీ మీద పడేది గరిష్ఠంగా పది వేలు. ఏడు దాటితే బ్యాంకు తన విధానం ప్రకారం తేలుస్తుంది. తెలియజేసిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాలో జమ చేయాలి, 90 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలి. ‘సిస్టమ్‌లో ఆప్షన్ లేదు, రేపు రండి’ అని బ్రాంచిలో అంటే బ్యాంకు మెయిల్‌కు రాయండి. రాసిన తేదీయే మీకు రక్ష.

కొత్త కార్డు వచ్చాక యాప్‌లో కార్డు సెట్టింగ్స్ తెరవండి. ఆర్బీఐ ఆదేశంతో 2020 అక్టోబరు నుంచి ప్రతి కార్డుకూ ఈ స్విచ్‌లు ఉండాలి: దేశంలో, విదేశంలో, ఆన్‌లైన్‌లో, మెషిన్ దగ్గర, ఏటీఎంలో, కాంటాక్ట్‌లెస్. ‘ఇంటర్నేషనల్’ ఆపేయండి. కాంటాక్ట్‌లెస్‌లో ఐదు వేల వరకూ పిన్ అడగదు కాబట్టి వాడనివాళ్లు అదీ ఆపేయండి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఆన్ చేసి, కొన్నాక ఆఫ్ చేయడం అరనిమిషం పని. పెద్ద మొత్తం ఉన్న ఖాతా కార్డును అసలు ఆన్‌లైన్‌లో వాడకపోవడమే మంచిదని మా సలహా. రోజువారీ ఖర్చులకు వేరే ఖాతా పెట్టుకుని అందులో కొంచెమే ఉంచండి.

‘ఈ రాత్రి 9:30కి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని మెసేజ్ వచ్చింది. బ్యాంకు పేరుతో లింకులూ వస్తుంటాయి. ఏది అసలో ఏది నకిలీయో ఎలా తెలుస్తుంది? – మెహదీపట్నం

పంపినవాళ్లెవరో చూడండి. మామూలు పది అంకెల నంబరు నుంచి వస్తే అది కరెంటు సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ కాదు, బ్యాంకూ కాదు. సంస్థల మెసేజ్‌లు అక్షరాల పేరుతో వస్తాయి, చివర ఒక గీత, ఒక అక్షరం ఉంటాయి. లావాదేవీకి టి, సర్వీసుకు ఎస్, ప్రకటనకు పి, ప్రభుత్వానికి జి. బ్యాంకు కేవైసీ అంటూ వచ్చిన మెసేజ్‌కు చివర ‘పి’ ఉంటే అనుమానించాలి. బ్యాంకుల సర్వీసు కాల్స్ కోసం 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు.

వెబ్‌సైట్ విషయంలో మంచి గుర్తు ఒకటి వచ్చింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా ‘.బ్యాంక్.ఇన్’తో ముగిసే చిరునామాలకు మారాలని ఆర్బీఐ చెప్పింది. ఆ పేర్లను ఇచ్చే అధికారం మన మాసాబ్‌ట్యాంక్‌లోని ఆర్బీఐ బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే ఉంది, బ్యాంకు కానివాళ్లకు ఇవ్వరు. చిరునామాను చివరినుంచి చదవాలి. బ్యాంకు పేరు ముందే ఉన్నా, ‘https://’ తర్వాత వచ్చే మొదటి వాలుగీతకు ముందు చివరన ‘.బ్యాంక్.ఇన్’ లేకుండా వేరే ఏదో ఉంటే మూసేయండి. తాళం గుర్తు చూసి నమ్మొద్దు. మీకూ ఆ సైట్‌కూ మధ్య కనెక్షన్ భద్రమని మాత్రమే అది చెబుతుంది, ఆ సైట్ ఎవరిదో చెప్పదు. దొంగ సైట్‌కు కూడా తాళం ఉంటుంది.

కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకడం మానేయండి. కార్డు వెనకాల ఉన్నదే అసలుది. ఫోన్ చేసినవాడు మన ఫోన్ తెరను వాళ్లకు చూపించే ఎనీడెస్క్, క్విక్‌సపోర్ట్‌లాంటివి వేసుకోమన్నా, వాట్సాప్‌లో స్క్రీన్ షేర్ చేయమన్నా అక్కడితో మాట ఆపి ఫోన్ పెట్టేయండి.

ఊళ్లో ఉంటున్న మా అత్తమ్మకు స్మార్ట్‌ఫోన్ లేదు, ఏటీఎం కార్డు కూడా తీసుకోలేదు. పాస్‌బుక్ ఎంట్రీ వేయిస్తే మూడుసార్లు పది వేల చొప్పున పోయినట్టుంది. ఎలా? – ఉప్పల్

ఎంట్రీలో ‘ఏఈపీఎస్’ (ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతి) అని ఉందేమో చూడండి. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే మైక్రో ఏటీఎం (బ్యాంకు ప్రతినిధి దగ్గరుండే చిన్న మెషిన్) దగ్గర డబ్బు తీయొచ్చు, ఓటీపీ అక్కర్లేదు. పొలం రిజిస్ట్రేషన్ కాగితాల మీద వేలిముద్ర, ఆధార్ నంబరు రెండూ ఉంటాయి. వాటి నుంచి రబ్బరు ముద్రలు చేసి డబ్బు తీసిన కేసులు పోలీసులు పట్టుకున్నారు. ఇంకో పద్ధతీ ఉంది: ‘వేలు సరిగా పడలేదమ్మా’ అని రెండోసారి పెట్టించుకుని రెండుసార్లు తీయడం. మీ అత్తమ్మ ఆ తేదీల్లో ఎక్కడైనా వేలిముద్ర వేశారేమో నిదానంగా అడగండి.

ఆధార్ సంస్థ యూఐడీఏఐ సైట్‌లో ‘ఆథెంటికేషన్ హిస్టరీ’ చూస్తే గత ఆరు నెలల్లో వేలిముద్ర ఎప్పుడు వాడారో వస్తుంది, దానికి ఆధార్‌కు మొబైల్ నంబరు లింకై ఉండాలి. ఆ కాగితం జతచేసి బ్యాంకులో రాతపూర్వకంగా ఇవ్వండి, 1930లోనూ నమోదు చేయండి. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు, కాబట్టి పైన చెప్పిన మూడు పనిదినాల నియమం ఇక్కడా వర్తిస్తుంది. ఖాతాకు మొబైల్ నంబరే లేకపోతే మెసేజ్ అందదు. మీ నంబరైనా ఇప్పించండి.

బయోమెట్రిక్ లాక్ చేస్తే ఈ దారి మూసుకుపోతుంది. ఆధార్ యాప్‌లోగానీ యూఐడీఏఐ సైట్‌లోగానీ చేయొచ్చు. కానీ వేలిముద్ర వేసే ప్రతిచోటా, రేషన్ షాపులో కూడా, అది పనిచేయదు. వెళ్లేముందు అన్‌లాక్ చేయాలి, కాసేపటికి అదే మళ్లీ లాక్ అవుతుంది. దూరంగా ఉండి మీరు ఓటీపీ అడిగి చేయాల్సి వస్తే అది ఆమెకు ఇబ్బందే. అలాంటప్పుడు ఆ ఖాతా వరకే ఏఈపీఎస్ ద్వారా డబ్బు తీయడం ఆపమని బ్యాంకులో రాసిస్తే సులువు.

ఏటీఎంలో కార్డు ఇరుక్కుంది. వెనకున్న వ్యక్తి పిన్ మళ్లీ కొట్టి చూడమన్నాడు. అది సరైనదేనా? – ఈసీఐఎల్

కాదు. కార్డు ఇరుక్కునేలా స్లాట్‌లో పట్టీ పెట్టేవాళ్లున్నారు. మీరు వెళ్లగానే కార్డు లాగుతారు, పిన్ ముందే చూసి ఉంటారు. అక్కడినుంచి కదలకుండా కార్డు బ్లాక్ చేయండి. గోడ మీద అంటించిన నంబరు నమ్మొద్దు. కార్డు వెనకున్న నంబరు కార్డుతోపాటు లోపలే ఉంటుంది కాబట్టి, దాన్ని ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. డబ్బు రాకుండా ఖాతాలో కట్ అయితే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లో తిరిగి జమ చేయాలి. అది దాటితే రోజుకు వంద రూపాయలు బ్యాంకు ఇవ్వాలి. నోట్లు బయటకు వచ్చే చోట ఏదైనా రేకు అడ్డుగా కనిపిస్తే వేలు పెట్టకుండా 112కు ఫోన్ చేయండి.

ఫోన్‌లో సిగ్నల్ హఠాత్తుగా పోయి గంటైనా రాలేదు. భయపడాలా? – చందానగర్

అదే నెట్‌వర్క్ వాడే పక్కవాళ్లకు సిగ్నల్ ఉంటే మీది సిమ్ స్వాప్ (మీ నంబరుతో దొంగలు వేరే సిమ్ తీసుకోవడం) అయిందేమో చూడాలి. వేరే ఫోన్ నుంచి కంపెనీకి ఫోన్ చేసి, మీ పేరున కొత్త సిమ్‌గానీ ఇ-సిమ్‌గానీ జారీ అయిందా అని అడగండి. అయిందంటే ముందు బ్యాంకుకు, తర్వాత 1930కి. కేంద్ర టెలికాం శాఖ సైట్ సంచార్ సాథీలో మీ పేరున ఎన్ని నంబర్లున్నాయో చూసి, మీవి కానివి తీయించండి.

బేగంబజార్‌లో చిన్న హోల్‌సేల్ షాపు మాది. ఒక కస్టమర్ యూపీఐలో 20 వేలు వేసి, సరుకు కొద్దిగా తీసుకుని మిగతాది క్యాష్ ఇమ్మంటే ఇచ్చాం. వారానికి మా కరెంట్ ఖాతా మొత్తం ఫ్రీజ్ అయింది. వేరే రాష్ట్రం పోలీసులు చెప్పారంటున్నారు. ఏం చేయాలి?

మీకు పడింది ఎవరినో మోసం చేసి తెచ్చిన డబ్బు. బాధితుడు 1930కి ఫోన్ చేస్తే, ఆ డబ్బు వెళ్లిన దారిలో మీ ఖాతా తగిలింది. బ్యాంకులో మూడు వివరాలు రాతపూర్వకంగా అడగండి: ఫిర్యాదు ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, ఏ పోలీస్ స్టేషన్, వివాదంలో ఉన్న మొత్తం ఎంత. తర్వాత ఆ స్టేషన్‌కు మెయిల్ పెట్టండి. ఆ రోజు బిల్లు, జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఆ లావాదేవీ ఉన్న స్టేట్‌మెంట్ పేజీ, ఉంటే సీసీటీవీ దృశ్యం జతచేయండి. సీసీటీవీ రికార్డింగ్ కొన్ని రోజులకు చెరిగిపోతుంది, కాబట్టి ముందు అది కాపీ చేయించండి. వివాదంలో ఉన్న 20 వేల మీదే లియన్ (ఆ మొత్తం తీయకుండా ఆపడం) ఉంచి మిగతా ఖాతా తెరవమని బ్యాంకునూ, దర్యాప్తు అధికారినీ అడగండి. ఇది న్యాయమైన కోరిక, చాలాసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే కోర్టుకు వెళ్లాల్సి ఉంటుంది, న్యాయవాదిని కలవండి. ‘డబ్బిస్తే ఫ్రీజ్ తీయిస్తాం’ అంటూ ఫోన్లు వస్తాయి, వాళ్లూ దొంగలే.

ఇకమీదట యూపీఐ తీసుకుని నగదు ఇవ్వొద్దు, తెలిసిన ముఖమైనా సరే. దొంగ డబ్బును నోట్లుగా మార్చుకోవడానికి షాపులను వాడుకుంటున్నది ఇలాగే.

అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాను. కొత్త ఖాతా తెరిచి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే పది వేలు ఇస్తామన్నారు. గేమింగ్ కంపెనీ ట్యాక్స్ పని అన్నారు. నా స్నేహితుడు ఇచ్చాడు, నేనూ ఇవ్వబోతున్నాను. ఇబ్బందేమైనా ఉంటుందా?

ఇవ్వొద్దు తమ్ముడూ. ఈ పేజీలో పైన ఉన్నవాళ్లందరి డబ్బూ వెళ్లేది ఇలాంటి ఖాతాల్లోకే. మ్యూల్ అకౌంట్లు అంటారు వీటిని. పోలీసులకు దొరికే మొదటి పేరు, ఫొటో, ఆధార్ ఖాతాదారువే. ఫోన్లు చేసి మోసం చేసినవాళ్లు ఎక్కడో ఉంటారు, తలుపు తట్టేది నీ హాస్టల్‌లో. కమీషన్‌కు ఖాతా ఇచ్చినవాళ్లను తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అరెస్టు చేస్తోంది. ‘నాకు తెలియదు’ అంటే సరిపోదు, ఎందుకంటే డబ్బు తీసుకుని ఇచ్చావు. నువ్వు చదువుతున్నది ప్రభుత్వ ఉద్యోగం కోసమైతే పోలీసు వెరిఫికేషన్‌లో ఆ కేసు బయటపడుతుంది.

నీ స్నేహితుడికి ఇంకా సమయం ఉంది. ఇవాళే బ్రాంచికి వెళ్లి కార్డు బ్లాక్ చేయించి, నెట్ బ్యాంకింగ్ ఆపించి, ఖాతాలో డబ్బు కదలకుండా చూడమని రాతపూర్వకంగా ఇవ్వాలి. రసీదు తీసుకోవాలి. సిమ్ కంపెనీకి ఫోన్ చేసి ఆ నంబరు ఆపించాలి. ఖాతా తీసుకున్నవాళ్ల ఫోన్ నంబర్లు, చాట్‌లు డిలీట్ చేయకుండా ఉంచుకుని సైబర్ క్రైమ్ పోలీసులకు తానే ముందు వెళ్లి చెప్పాలి. లోపల పడిన డబ్బును వాడుకోవడంగానీ, వాళ్లు చెప్పిన ఖాతాకు పంపడంగానీ అస్సలు చేయకూడదు. ఒంటరిగా వెళ్లడానికి భయమైతే ఇంట్లో చెప్పి, నాన్ననో అన్ననో వెంటబెట్టుకుని వెళ్లమను.